43 పేర్లు, ఒక పడవ

అప్ప: నమస్కారం, విజయనగరం నుంచి మేమే. ఈసారి మైకు పప్పుడబ్బా మీద లేదు, స్టాండు కొన్నాం.

తమ్ముడు: డబ్బాయే నయం.

అప్ప: ఈవేళ సంగతి, ఫాంటసీ నవలలో పాత్రలు ఎక్కువైపోతే ఎలా మేనేజ్ చెయ్యాలని. వీడి నవలలో 43 పేర్లున్నాయి.

తమ్ముడు: 41. ఇద్దర్ని చంపేశాను.

అప్ప: ఎవర్ని చంపావో అమ్మకే తెలియలేదురా. "ఈ చిత్రసేనుడు ఏనుగు కాళ్ల కింద పడి పోయాడు కదా, మళ్లీ అన్నం తింటున్నాడేటి?" అంది.

తమ్ముడు: తిన్నవాడు చిత్రకేతుడు.

అప్ప: అదే నా గోల! చిత్రసేన, వీరసేన, చిత్రకేతు, ధూమకేతు. మొదటి అక్షరం వేరుగా ఉంటే చాలదు, మన పేర్లకి తోక కూడా వేరుగా ఉండాలి.

తమ్ముడు: అప్పా, మన వైపు పెళ్లిలో "అప్పలరాజూ" అని పిలువు. ఆరుగురు తిరిగి చూస్తారు.

అప్ప: మరి తికమక కాదా?

తమ్ముడు: పిలిచినప్పుడే. చెప్పుకునేటప్పుడు బస్సు అప్పలరాజు, పొట్టి అప్పలరాజు, చెరువుగట్టు అప్పలరాజు. సింహాద్రి అప్పన్న అందరికీ ఒకే పేరిచ్చాడు, మిగతాది ఊరు చూసుకుంది. అంతెందుకు, మన విజయనగరం రాజులు పూసపాటి వారిలో...

అప్ప: వచ్చేసింది పద్మనాభం.

తమ్ముడు: ఇంకా అనందే! 1757లో బొబ్బిలి యుద్ధం అయ్యాక తాండ్ర పాపారాయుడి చేతిలో పోయింది విజయరామరాజు. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి పోయిందీ విజయరామరాజే. జనం పెద, చిన అన్నారు. అయిపోయింది.

అప్ప: వాళ్ల చావుల మధ్య 37 ఏళ్లున్నాయి. నీ వాళ్లిద్దరూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నారు.

తమ్ముడు: అర్జునుడికి పది పేర్లు లేవూ? అందులో కృష్ణ కూడా ఒకటి!

అప్ప: ఏనుగుకీ మనిషికీ అశ్వత్థామ అనే పేరుంది కాబట్టే ద్రోణుడు అస్త్రం కింద పెట్టాడు. అక్కడ తికమకతో కథ నడిచింది. నీ తికమకతో అమ్మ పుస్తకం మూసింది.

తమ్ముడు: (నవ్వు) సరే, సరే.

అప్ప: మనకి వాడు, అతను, ఆయన ఉన్నాయి కదా. సేనాపతిని "ఆయన" అనీ, వేగులవాణ్ణి "వాడు" అనీ మొదట్నుంచీ పట్టుకుంటే సగం చోట్ల పేరే అక్కర్లేదు. ఆ పడవవాడికి పేరెందుకు? ఒక్క పేజీ ఉంటాడు.

తమ్ముడు: సింహాచలం పడవవాడు కాదు. ఆడమనిషి.

అప్ప: ఓలమ్మో, నేను మగాడనుకుని చదివేశాను.

తమ్ముడు: రెండో పేరా చూడలేదు నువ్వు. తెడ్డు వేస్తూ చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తుంది.

అప్ప: అడ్డపొగ... మామ్మా?

తమ్ముడు: ఊఁ.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

అప్ప: బూడిద రాలనిచ్చేది కాదు. మాట్లాడుతూనే ఉండేది.

తమ్ముడు: అదీ రాశాను.

అప్ప: అయితే ఆ పేరు ఉంచు. చిత్రకేతుని మార్చు.

తమ్ముడు: చూద్దాం.

అప్ప: ఇంతకీ ఆ రేవు ఏ నది మీద?

తమ్ముడు: గోస్తని.

అప్ప: గోస్తని మీద ఎక్కడ?

తమ్ముడు: ...

అప్ప: పద్మనాభమేనా? ఒరే!

తమ్ముడు: కుక్కరు మూడో విజిల్ వేసింది, ఆపు ఆపు. మైకు కాదు, స్టౌ!