ఎర్ర పెన్ను తీసే ముందు

(ఎం.ఏ. భాషాశాస్త్రం, ఇంగ్లిష్ బోధన మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చిన ప్రారంభ ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లాడొకడు నోటుబుక్కులో మూడు వాక్యాలు రాశాడనుకుందాం. “మై బ్రదర్ డాక్టర్.” “హి గోడ్ టు హైదరాబాద్.” “ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి.” మామూలుగా మూడింటికీ ఒకే ఎర్ర గీత పడుతుంది. కానీ మూడూ మూడు చోట్ల పుట్టిన తప్పులు.

మొదటిది తెలుగులోంచి వచ్చింది. “మా అన్నయ్య డాక్టరు” అన్నప్పుడు క్రియ లేదు, అక్కర్లేదు. రెండోదానికి తెలుగుతో సంబంధమే లేదు. ఇంగ్లిషు తల్లిభాషగా పెరిగే పసిపిల్లలూ “వెంట్” బదులు “గోడ్” అంటారు. భూతకాలపు సూత్రం పట్టుబడిందనడానికి అది గుర్తు. మూడోది మరీ చిత్రం. దాన్ని పుట్టించింది మన పాఠమే. తెలుగులో ప్రశ్నకి మాటల వరస మారదు. “వస్తున్నావు” చివర ఒక దీర్ఘం తగిలిస్తే “వస్తున్నావా” అయిపోతుంది. అందుకని పిల్లాడు మొదట “వేర్ యు ఆర్ గోయింగ్” అంటాడు. ప్రశ్నలో ఈజ్, ఆర్ లాంటి సహాయక క్రియ ముందుకు రావాలని నెల రోజులు రుద్దుతాం. ఆ తర్వాత ప్రశ్న ఇంకో వాక్యంలో ఇమిడిపోయి “వేర్ హి ఈజ్” అనాల్సిన చోట కూడా దాన్ని ముందుకే తోస్తాడు. అప్పుడు వాడికి కావలసింది పాత సూత్రాన్ని మళ్ళీ రుద్దడం కాదు, అది ఎక్కడ ఆగాలో చూపించడం.

1957లో భాషాశాస్త్రవేత్త రాబర్ట్ లాడో రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పులు ఎక్కడ వస్తాయో ముందే చెప్పవచ్చన్నారు. 1967లో మరో భాషాశాస్త్రవేత్త పిట్ కోర్డర్ ఆ తప్పులే నేర్చుకునేవాడి మనసులో అప్పటికి తయారైన వ్యవస్థకి సాక్ష్యం అన్నారు. నా లెక్కన ఇద్దరూ కావాలి. ఉచ్చారణ దగ్గర లాడో ఎక్కువ పనికొస్తారు, వాక్యం దగ్గర కోర్డర్.

ఉచ్చారణ సంగతే చూడండి. చిన్న కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని “పాలు” అనండి. కాగితం దాదాపు కదలదు. ఇంగ్లిషువాళ్ళు “పిన్” అంటే కదులుతుంది, “స్పిన్” అంటే కదలదు. మనం “పాలు”లోని పకారంతోనే “పిన్” అంటే వాళ్ళ చెవికి అది “బిన్” లాగా వినిపించవచ్చు. ఇది చెప్పగానే కొందరు “ఫిన్” అనడం మొదలుపెడతారు. పెదవి పళ్ళకి తగిలిందంటే గురి తప్పినట్టే. రెండు పెదాలూ మూసే, కాస్త గాలి వదలాలి. అచ్చతెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, రోడ్డు మన నోట్లో అలా తయారయ్యాయి. పైగా మనది రాసినట్టు చదివే లిపి. ఇంగ్లిషు “వాక్” (walk) మాటలో ఎల్ కనిపిస్తే పలకాలనిపిస్తుంది. ఇది నాలుక తప్పు కాదు, కంటి తప్పు. కాబట్టి కొత్త మాటని ముందు వినిపించి, తర్వాతే బోర్డు మీద రాయాలి.

ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, మాత్రం కష్టమే. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండోదాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద పడుతుంది. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని లెక్కలోకి తీసుకోదు.

హైదరాబాదులో 1958లో ఇంగ్లిష్ బోధన కోసం ఒక సంస్థ మొదలైంది. ఇవాళ్టి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అదే. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ద్రావిడ భాషల పండితుడు భద్రిరాజు కృష్ణమూర్తిగారి చేతుల్లో ఎదిగింది. రెండూ పక్కపక్క క్యాంపసులే. విద్యార్థులు మాత్రం ఇంగ్లిష్ బోధననీ భాషాశాస్త్రాన్నీ రెండు వేర్వేరు పేపర్లుగా చదివేస్తారు.

అందుకే మొదటి సెమిస్టరు అభ్యాసం తెలుగు బహువచనంతో చేయిస్తాం. ఒక 30 మాటలు రాసుకోండి: పిల్లి–పిల్లులు, కత్తి–కత్తులు, చెట్టు–చెట్లు, ఇల్లు–ఇళ్ళు, ఊరు–ఊళ్ళు, గుర్రం–గుర్రాలు. వాటిని మాట చివరి ధ్వనిని బట్టి గుంపులు చేయండి. “కొన్నిటికి లు, కొన్నిటికి ళ్ళు” అని రాస్తే మార్కులు రావు. ఎక్కడ ఏది వస్తుందో చెప్పనిది సూత్రం కాదు. సూత్రం రాశాక దాన్ని పడగొట్టే మాట వెతకాలి. ఊరు ఊళ్ళు అయితే కారు ఏమవ్వాలి? కాళ్ళు అంటే వ్యవహారం వేరే చోటికి పోతుంది. కార్లు అంటాం, అరువు మాట కాబట్టి. పేరు మాత్రం అరువు కాదు, అయినా పేర్లు అంటున్నాం. అక్కడ మళ్ళీ ఆలోచించాలి. ఈ కసరత్తు చేసినవాళ్ళకి క్యాట్స్, డాగ్జ్, బసిజ్‌లో ఒకే ప్రత్యయం మూడు రకాలుగా ఎందుకు పలుకుతుందో విడిగా వివరించక్కర్లేదు.

ఇక తరగతి గది. “అర్థమైందా?” అని అడగకండి, అందరూ అవుననే అంటారు. పని ఇచ్చి చూడండి. బడిపిల్లలకి పనుల ద్వారానే ఇంగ్లిష్ నేర్పాలని 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు పద్ధతి అదే. రైళ్ళ టైంటేబుల్ ఇచ్చి, ముందు తరగతి మొత్తంతో నోటితో చేయించి, తర్వాత అలాంటిదే ఇంకొకటి ఎవరికి వారిచేత చేయిస్తారు. సగం మంది పిల్లలు సగం పనైనా సరిగ్గా చేస్తే కష్టం పాళ్ళు కుదిరినట్టు. అందరూ అన్నీ చేసేస్తే సంబరపడకండి, పని మరీ తేలికైపోయింది.

మీ మొదటి బోధన పాఠాన్ని రికార్డు చేసి, అందులో ఐదు నిమిషాలు మాట పొల్లుపోకుండా రాయండి. దానికి కనీసం గంట పెట్టుకోండి. మీరు ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారో అంచున రాసుకోండి. చాలామంది ఒక్క సెకను కూడా ఆగరు, జవాబు తామే చెప్పేస్తారు.

వచ్చే సోమవారానికి దగ్గర్లోని బడి నుంచి 20 తప్పు వాక్యాలు తీసుకురండి. పక్కన పిల్లాడు ఏం చెప్పదలచుకున్నాడో తెలుగులో రాయండి. అది లేకపోతే కారణం తేల్చలేం. పిల్లల పేర్లు మాత్రం కొట్టేసి తేవాలి.