హామ్లెట్ వెనక నోట్సు

శ్రోతలకు నమస్కారం.

షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకం మొదలయ్యేది అర్ధరాత్రి, కోట కాపలా దగ్గర. "ఎవరక్కడ?" అంటాడు బెర్నార్డో. "ముందు నువ్వు నాకు చెప్పు" అంటాడు ఫ్రాన్సిస్కో. కాపలాలో ఉన్నది ఫ్రాన్సిస్కో. ఎవరని అడగాల్సింది అతను. అడిగిందేమో కొత్తగా వచ్చినవాడు! ఇద్దరి గుండెల్లో ఉన్న భయమంతా ఆ తడబాటులోనే ఉంది. అందుకే 'నాకు' అన్న మాటను ఒత్తి పలకాలి. ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తే గానీ ఈ సంగతి మనకు తట్టదు.

బ్రిటిష్ కాలంలో మన విద్యార్థులకు ఇలా చూపించినవాళ్లలో కె. డైటన్ ఒకరు. ఆగ్రా కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసిన ఆయన, 1890 ప్రాంతంలో మాక్మిలన్ సంస్థ కోసం షేక్‌స్పియర్ నాటకాలను వరసగా పరిష్కరించారు. ముందు పీఠిక, తర్వాత నాటకం, దాని వెనక పంక్తుల వారీగా నోట్సు. ఆ నాటకాల్లోదే అయిన 'మూడో రిచర్డ్'ను సిద్ధం చేసింది కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి చెందిన టానీ. కథాసరిత్సాగరాన్ని ఇంగ్లిషులోకి తెచ్చిందీ ఆయనే.

వీళ్లని తేలిగ్గా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఇంగ్లండులో పూసే డాఫడిల్ పువ్వును కంటితో చూడని కుర్రవాడికి ఇంగ్లిషు కవిత్వం అందించాలంటే ఎంత ఓపిక కావాలి!

మనకూ ప్రతిపదార్థం, తాత్పర్యం కొత్తవి కావు. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మన కోలాచల మల్లినాథసూరి ముందే ఒక మాట ఇచ్చాడు: "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షిత ముచ్యతే." ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని.

ఆ రెండో మాట దగ్గరే ఈ పుస్తకాలు కాలు జారాయి. దానికి కారణం పరీక్షలు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు వచ్చాయి. డిగ్రీ ఉంటేనే మంచి ఉద్యోగం. ఆ టెన్షన్‌లో ఉన్న కుర్రవాడు నాటకం పక్కన పెట్టి నోట్సు అందుకున్నాడు. సొంత మాటల్లో రాయమంటే నోట్సులోని మాటలే రాశాడు. 1902లో వేసిన యూనివర్సిటీల కమిషన్ కూడా ఈ బట్టీ చదువును తప్పుపట్టింది. నాకు బాధ కలిగేది ఇక్కడే. 'నాకు' అన్న మాటను ఒత్తి పలకాలని అందరికీ కంఠతా వచ్చింది. చీకట్లో వణుకుతున్న ఆ ఇద్దరు మనుషులు మాత్రం ఎవరికీ కనబడలేదు.

అందరూ అంతేననడం కూడా తప్పే. మన కందుకూరి వీరేశలింగం గారు ఇంగ్లిషు రచయిత గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'ను మొదట తెలుగు చేయబోయి, నచ్చక ఆపేశారు. ఆ ఛాయ మాత్రం తీసుకుని, ధవళేశ్వరం కొండనూ గోదావరినీ వర్ణిస్తూ 1878లో తన సొంత నవల 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టారు.