ఆ కంచం ఎవరికి?

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే చాలా బడుల్లో పిల్లలు చార్టులు కడతారు. ఒక దేశం జెండా, పక్కన క్రిస్మస్ చెట్టు, కింద అక్కడి వంటకం పేరు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ 'వాళ్లు అలా ఎందుకు చేస్తారు?' అని పిల్లలు అడగకపోతే, ఆ చార్టు గోడ దిగిన రోజే బుర్రలోంచీ దిగిపోతుందని నా నమ్మకం.

పోలండ్ సంగతే చూడండి. డిసెంబరు 24 రాత్రి భోజనానికి అక్కడ గడియారం చూసుకుని కూర్చోరు. ఆకాశంలో తొలి చుక్క పొడవాలి. దాన్ని కనిపెట్టే పని ఇంట్లో చిన్నపిల్లలది. చుక్క కనబడిందని వాళ్లు కేకేస్తే అందరూ బల్ల దగ్గరికి చేరతారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, ఆ గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి. క్రీస్తును పుట్టగానే పడుకోబెట్టింది పశువుల తొట్టిలో కదా, దానికి గుర్తు. కాగితమంత పల్చని రొట్టెను ఒకరి చేతిలోది ఒకరు తుంచుకుని, మనసారా మంచి కోరుకుంటారు. అందరూ కూర్చున్నాక కూడా ఒక కంచం ఖాళీగా మిగులుతుంది. అనుకోకుండా తలుపు తట్టేవాళ్ల కోసం వేసిన కంచమది. చాలా ఇళ్లలో ఆ చోటు చూసి, తమను విడిచి వెళ్లిపోయినవాళ్లనూ తలుచుకుంటారు. టీచర్లూ, పాఠం ఇక్కడ ఆపి, ఆ కంచం ఎవరికని ముందు పిల్లలనే అడగండి. జవాబు మీరు వెంటనే చెప్పేయకండి.

ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 16 నుంచి 24 దాకా తెల్లవారకముందే లేచి క్రిస్మస్ ప్రార్థనలకు చర్చికి వెళతారు. పొద్దెక్కేలోగా పొలం పనికి వెళ్లాల్సిన రైతుల వల్ల వచ్చిన వేళ అది.

ఇక రష్యా, సెర్బియా చర్చిల్లో క్రిస్మస్ జనవరి 7న. ఇది లెక్కల టీచరుకు వదిలేయాల్సిన పాఠం! పాత జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది, అసలు ఏడాది కన్నా సుమారు 11 నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి ఆ నిమిషాలే రోజులయ్యాయి. 1582లో పోప్ పదమూడవ గ్రెగరీ దాన్ని సవరించి, ఇప్పుడు మనం వాడే క్యాలెండర్‌ను తెచ్చినప్పుడు 10 రోజులు తీసేయాల్సి వచ్చింది. పాత లెక్కనే పాటించే చర్చిలకు ఆ తేడా పెరుగుతూ వచ్చి ఇప్పుడు 13 రోజులైంది. అంటే వాళ్లూ డిసెంబరు 25నే చేసుకుంటున్నారు, వాళ్ల క్యాలెండర్ ప్రకారం.

అయితే తేదీలు మారడానికి లెక్కలొక్కటే కారణం కాదు. యుద్ధం నడుస్తుండగా, 2023లో ఉక్రెయిన్ తన క్రిస్మస్ సెలవును జనవరి 7 నుంచి డిసెంబరు 25కి మార్చుకుంది. ఎందుకు మార్చుకుందో పెద్ద తరగతుల పిల్లలు తప్పక మాట్లాడుకోవాలి. చిన్న తరగతుల వాళ్లకు వేరే లెక్క ఉంది: 2100 ఫిబ్రవరి దాటితే జూలియన్ తేడా 14 రోజులవుతుంది. మరి 2101లో ఆ చర్చిలకు క్రిస్మస్ ఏ రోజున వస్తుంది?