పాక దూలానికి అతుక్కున్న ఈగ

ఈ దూలం అంచు చూడండి. రెక్కలు పైకెత్తి, ఇప్పుడే ఎగిరిపోయేలా ఉంది కదా ఈ ఈగ? వేలితో తోశాను, కదల్లేదు. చచ్చింది. మూతి చెక్కకి అతుక్కుపోయింది.

ఆనందపురం దగ్గర మా మావయ్య పశువుల పాకలో ఉన్నాం. నాలుగు రోజుల ముసురు నిన్నే తెరిపిచ్చింది. వైజాగ్ చెమ్మ సంగతి చెప్పక్కర్లేదు, ఉతికిన చొక్కా రెండ్రోజులకీ ఆరదు. ఈ ఈగని చంపిన బూజుకి అదే పండగ.

ఫోన్ దగ్గరికి పెడుతున్నా. పొట్ట ఉబ్బి, చారల మధ్య నుంచి తెల్లగా పొడుచుకొచ్చింది చూశారా? చుట్టూ చెక్క మీద పిండి రాల్చినట్టు వలయం. ఈ బూజు పేరు ఎంటమాఫ్తోరా మస్కే. 1855లో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. దీని బీజం ఈగ ఒంటి మీద పడితే చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. వారం తిరిగేలోపు, ఒక సాయంత్రం పొద్దు గూకే వేళ, ఈగ పైకెక్కి, మూతి అంటించుకుని, రెక్కలు లేపి చస్తుంది. రెక్కలు అడ్డు తప్పాయి కదా, ఇక రాత్రంతా బూజు బీజాలను చిమ్ముతూనే ఉంటుంది. చచ్చిన ఆడ ఈగతో జత కట్టబోయి మగవి కూడా జబ్బు అంటించుకుంటాయి. పాపం అనాలో నవ్వాలో!

"మరైతే గేదె కళ్ల చుట్టూ ఇన్ని ఈగలేటిరా?" అన్నాడు మావయ్య. నిజమే. గుంపు పెరిగాకే ఈ జబ్బు పాకుతుంది. పైగా జబ్బు మొదట్లో ఈగ వేడి చోటు వెతుక్కుని కూర్చుంటుంది. ఆ కాకకి బూజు ఒంట్లోనే చచ్చిపోవచ్చు. ఈగకీ జ్వరమే మందన్నమాట.

ఈగల మందుగా ఈ బూజుని సీసాల్లో పెంచి అమ్మడం కష్టం. పురుగుమందుల షాపులో దొరికే బవేరియా వేరే బూజు. అదీ పురుగుల్ని చంపుతుంది, కానీ రోజులు పడుతుంది. పంటకి అమ్మే ప్యాకెట్‌ని మాత్రం గేదె మీద చల్లకండి.

అసలు గేదె కాళ్ల మీద కుట్టి రక్తం తాగే ఇంకో రకం ఈగ పుట్టేది ఎక్కడో తెలుసా? పేడ, మూత్రం కలిసి కుళ్లిన గడ్డిలో. అదిగో, గాటి కింద ఉంది చూడండి. మావయ్య పార తెచ్చాడు. నేను తట్ట పట్టుకుంటున్నా. ఆ దూలం మాత్రం దులపొద్దన్నాను.