రెక్కీకి వెళ్తే చెవులకూ పని చెప్పండి

(దృశ్యం: ఖాళీ గది. కిటికీలోంచి గోడ మీద పడుతున్న ఎండ.)

వ్యాఖ్యానం:
షూటింగ్ మొదలయ్యే ముందు లొకేషన్‌కి వెళ్లి చూసి రావడమే రెక్కీ. నాలుగు ఫొటోలు తీసుకుని, "బాగుంది, ఫిక్స్ చేద్దాం" అని వచ్చేస్తే సగం పనే అయినట్టు. ఫొటోలో చప్పుడు వినపడదు. పూట మారితే వెలుగు ఏమవుతుందో తెలీదు. షూటింగ్ రోజు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఈ రెండే.

ముందు చప్పుడు సంగతి. గదిలోకి వెళ్లగానే అందరూ మాటలు ఆపి, రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. ఫ్రిజ్ మోత, ఏసీ హోరు, పై అంతస్తులో కుర్చీ జరిపిన శబ్దం ఒక్కొక్కటే బయటపడతాయి. మన చెవి వీటికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది, మైక్ మాత్రం దేన్నీ వదలదు. అందుకే ఫోన్‌లో రికార్డ్ చేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడే వినండి. ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. మోత గోడలకు తగిలి తిరిగొస్తుంటే డైలాగులు స్పష్టంగా రికార్డ్ కావు. దుప్పట్లు కట్టినా కొంతవరకే పనిచేస్తుంది.

ఫ్రిజ్ ఆపొచ్చు, రోడ్డును ఆపలేం. తాము ఆపిన ఫ్రిజ్‌లోనే కారు తాళాలు పెట్టే సౌండ్ రికార్డిస్టులున్నారు, వెళ్లేటప్పుడు తిరిగి ఆన్ చేయడం మర్చిపోకుండా! మాటలే ప్రాణమైన సీన్‌కి మాత్రం, అందమైన గది కంటే నిశ్శబ్దంగా ఉండే గదినే ఎంచుకోమంటాను.

(దృశ్యం: అదే గోడ. ఎండ పక్కకు జరిగింది.)

ఇక వెలుగు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మీకు నచ్చిన ఆ ఎండ పట్టీ రెండు గంటల్లో వేరే చోట ఉంటుంది. కాబట్టి సీన్ ఏ పూట తీస్తారో ఆ పూటే వెళ్లండి, వీలైతే వారంలో అదే రోజున. సెలవు రోజు ప్రశాంతంగా కనిపించిన వీధి పనిదినాన అలా ఉండదు. షూటింగ్ కొన్ని నెలల తర్వాతైతే, సూర్యుడి దారి చూపే యాప్‌లో ఆ తేదీ పెట్టి చూసుకోండి.

గది పెద్దదిగా కనిపించినా కొలవండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (అంటే సెన్సర్ వెడల్పు సుమారు 36 ఎంఎం ఉండేదానికి) 50 ఎంఎం లెన్స్ వేస్తే, 5 మీటర్ల దూరం నుంచి ఫ్రేమ్‌లోకి వచ్చే వెడల్పు సుమారు 3.6 మీటర్లే. వెనక్కి జరగడానికి చోటుందా?

కరెంటు కూడా అంతే. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్ల లైటు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఏయే ప్లగ్గులు ఒకే లైన్ మీద ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

పార్కింగ్, టాయిలెట్, దగ్గరలో ఆసుపత్రి, అసలు యజమాని రాతపూర్వక అనుమతి కూడా రాసుకోండి. తిరిగొచ్చే ముందు స్విచ్‌బోర్డు, సీలింగ్, మెట్లు, తలుపు వెడల్పు ఫొటోలు తీయండి. రెక్కీకి రాని లైటింగ్, ఆర్ట్ వాళ్లు మొదట అడిగేది అవే.