డ్రాగన్ ముందు ఉక్కు కవచం ధీమా

[కెమెరా వైపు చూస్తూ]

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల సాహస ఆటలో 17వ లెవెల్ ఫైటర్‌ను, అంటే యోధుడి పాత్రను, తయారు చేసుకుని, "నా ఆర్మర్ క్లాస్ 24. ఇక డ్రాగన్ నన్నేం చేస్తుంది?" అని కాలు మీద కాలేసుకుని కూర్చునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు రౌండ్లు తిరిగేసరికి వాళ్ల ఒళ్లే మండుతుంది, అది వేరే సంగతి. ఆర్మర్ క్లాస్ అంటే మిమ్మల్ని కొట్టడానికి ఎదుటివాడి పాచిక చేరాల్సిన అంకె.

2014 నియమాలతోనే మాట్లాడతాను, చాలా బల్లల దగ్గర ఇంకా అవే నడుస్తున్నాయి. ఎదురుగా ఉన్నది అడల్ట్ రెడ్ డ్రాగన్. ఆర్మర్ క్లాస్ 19, హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, 256. దాని కాటుకు +14 కలుస్తుంది కాబట్టి మీ 24ను అందుకోవడానికి 20 ముఖాల పాచిక మీద 10 పడితే చాలు. అయినా కాటు చినుకు లాంటిది. కవచం గొడుగు. గొడుగు చినుకును ఆపుతుంది కానీ వరదను ఆపుతుందా?

వరద ఏమిటంటే దాని నిప్పు ఊపిరి. 60 అడుగుల దూరం శంకువు ఆకారంలో విచ్చుకుంటుంది, సగటున 63 పాయింట్లు ఊడగొడుతుంది. అది మీ ఆర్మర్ క్లాస్ వైపు కన్నెత్తి కూడా చూడదు. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవింగ్ త్రో అడుగుతుంది, అంటే దెబ్బ తగ్గించుకోవడానికి మీరే పాచిక వేయాలి, 21 రావాలి.

[తెర మీద: 20 ముఖాల పాచిక, 20 పైకి]

ఉక్కు కవచం వేసుకున్నాం కదా అని డెక్స్‌టెరిటీని 10 దగ్గర వదిలేశారు. కలిపేది సున్నా. పాచిక మీద 20 పడినా 20 అవుతుంది తప్ప 21 కాదు. ఈ ఎడిషన్‌లో సేవింగ్ త్రోకు 20 పడితే దానంతట అదే గెలుపు కాదు. అంటే వరదలో దిగిన మనిషికి ఈత రాదని కాదు, ఈత నేర్చుకునే హక్కే లేదు!

అందుకే నా ఓటు విలుకాడికి. డెక్స్‌టెరిటీ 20, దానికి తోడు రెసిలియెంట్ అనే ఫీట్, అంటే పాత్రకు ఎంచుకునే అదనపు నైపుణ్యం. అప్పుడు +11 కలుస్తుంది, 10 పడితే బయటపడతారు, దెబ్బ సగమే. ఈత వచ్చేసింది. షార్ప్‌షూటర్ కూడా తీసుకుంటే లాంగ్‌బోతో 600 అడుగుల దాకా గురి చెడదు. డ్రాగన్‌ను చూసి గుండె జారే భయం 120 అడుగుల లోపలి వాళ్లకే. పాపం కత్తివీరుడు భయపడితే దాని దగ్గరికి అడుగు వేయడానికే వీల్లేదు. వేయగలిగినా ఆయన నడక 30 అడుగులు, డ్రాగన్ ఎగిరేది 80. డ్రాగన్ స్లేయర్ కత్తి తగిలిన ప్రతిసారీ మూడు పాచికల అదనపు దెబ్బ వేస్తుంది, మంచి కత్తే. తగలాలి కదా!

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, రెడ్ డ్రాగన్ పొలుసుల కవచం. డెక్స్‌టెరిటీ 20 ఉన్నవారికి మామూలు స్టడెడ్ లెదర్ తోలు కవచం ఇచ్చే ఆర్మర్ క్లాస్ 17నే ఇదీ ఇస్తుంది. కానీ ఊపిరికి, భయానికి రెండేసి పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. పైగా నిప్పు దెబ్బ సగానికి తగ్గుతుంది. సేవింగ్ త్రో నెగ్గితే 63 కాస్తా 31, అందులో మళ్లీ సగం 15. ఇది గొడుగు కాదు, మెరక మీద కట్టిన ఇల్లు. దొరకడం కష్టమే, మీ డీఎంను, అంటే ఆట నడిపేవారిని, బతిమాలుకోండి.

[తెర మీద: సమయం అయిపోతోంది]

మిగతావి గబగబా. కవచం దొరకకపోతే నిప్పును తట్టుకునే పానీయం తాగండి, గంటసేపు ఉంటుంది. ఉంగరమూ ఉంది కానీ అది అట్యూన్‌మెంట్ అడుగుతుంది, అంటే మాయ వస్తువుతో ముడిపడాలి, అలాంటి ముడులు మీకు ఉన్నవే మూడు. మీ జట్టులోని క్లెరిక్ (పూజారి పాత్ర) చేత ముందుగా హీరోస్ ఫీస్ట్ అనే విందు మంత్రం వేయించండి. 1,000 బంగారు నాణేల విలువైన గిన్నె ఖర్చయిపోతుంది, విందుకే గంట పడుతుంది, కానీ 24 గంటలు పన్నెండు మందికి భయమన్నదే ఉండదు. పాలడిన్ అనే పవిత్ర యోధుడికి 10 అడుగుల లోపల ఉంటే సేవింగ్ త్రోలు పెరుగుతాయి, కాకపోతే ఒకే ఊపిరికి ఇద్దరూ దొరుకుతారు. ఎవరి లెక్క వారిది.

రెక్కల బూట్లు వేసుకుని దాని పక్కకు మాత్రం ఎగరకండి. 10 అడుగుల లోపల ఉంటే రెక్కతో కొడుతుంది, సేవింగ్ త్రో పోతే గాల్లోనే బోర్లా పడతారు. 60 అడుగుల ఎత్తు నుంచి పడితే ఆరు పాచికల దెబ్బ వేరే.

2024 నియమాలతో ఆడేవాళ్లకు ఒక్క మాట: ఓడిన సేవింగ్ త్రోను మళ్లీ వేయనిచ్చే ఫైటర్ శక్తి ఇండామిటబుల్ వాడి వేసే పాచికకు ఇప్పుడు మీ ఫైటర్ లెవెల్ మొత్తం కలుస్తుంది, అంటే 17. ఉక్కు కవచం వాళ్లు కామెంట్లలో నన్ను తిట్టే ముందు ఎవరి పుస్తకం చూస్తున్నారో చూసుకోండి.