మొదట చదివేదెవరు, ఎక్కువగా రాసేదెవరు

నల్గొండలో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మధ్యాహ్న భోజనం ముగిసిన వెంటనే డిస్కు పార్టిషన్ల మీద, అంటే డిస్కును భాగాలుగా విభజించడం మీద, ప్రసంగం పెట్టిన నిర్వాహకుల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నిద్ర వస్తే మొహమాటపడకండి. కరెంటు రాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్, అదే బూట్‌లోడర్, దాని సంగతి చెప్పేటప్పుడు మాత్రం మెలకువగా ఉండండి. సాయంత్రం మీ బోర్డు లేవకపోతే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లతో పాటు పాలమూరు నుంచి వచ్చిన వాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. మీ ప్రాజెక్టుల జాబితా చూశాను. బోరు మోటారు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు నడిచింది అని రాసిపెట్టే పెట్టె ఒకటి. రైస్ మిల్లులో కాంటా బరువులు నమోదు చేసేది ఒకటి. ఫ్లోరైడ్‌తో దశాబ్దాల పాటు బాధపడిన జిల్లా కాబట్టి నీటి శుద్ధి ప్లాంటులో మీటరు చదివే పెట్టె కూడా ఉండనే ఉంది. అన్నింటిలోనూ ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి వేలిగోరంత మెమరీ కార్డు, ఆ కార్డు మీద యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి, లినక్సో నెట్‌బీఎస్‌డీయో ఓపెన్‌బీఎస్‌డీయో. పార్టిషన్ల దగ్గర ఇన్‌స్టాలర్ ఏదో అడిగితే అందరూ ‘అవును’ అని నొక్కి ముందుకు వెళ్లిపోయారు. ల్యాప్‌టాప్‌లో అలా నొక్కినా పెద్దగా నష్టం లేదు. దేవరకొండ దగ్గర బోరు పక్కన, స్టార్టర్ డబ్బా లోపల పెట్టిన బోర్డుకు తెర ఉండదు, కీబోర్డు ఉండదు, కరెంటు ఎప్పుడు పోతుందో దానికి ఎవరూ ముందుగా చెప్పరు. మే నెల ఎండకు ఆ రేకు డబ్బా లోపల ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

పార్టిషన్లు రెండు చేయాలా, ఐదు చేయాలా అని చాలామంది అడుగుతారు. నేను వేరే రెండు ప్రశ్నలతో మొదలుపెడతాను. ఈ కార్డును అందరికంటే ముందు చదివేదెవరు? దీని మీద అందరికంటే ఎక్కువగా రాసేదెవరు? ఈ రెండూ తేలితే ఎన్ని అన్నది దానంతట అదే తేలుతుంది.

పార్టిషన్ టేబుల్ అంటే ఏమిటో ముందు చూద్దాం. రైతు కుటుంబాల నుంచి వచ్చిన వాళ్లకు పహాణీ తెలుసు. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, ఎవరి పేరున, ఏ పంట అన్నవి అందులో ఉంటాయి. పహాణీ చిరిగినంత మాత్రాన చేను మాయం కాదు. పార్టిషన్ టేబుల్ కూడా అలాంటి కాగితమే. పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌లో అది కార్డు మొట్టమొదటి సెక్టార్‌లో ఉంటుంది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు పోతాయి. పదహారేసి బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్ల వివరాలకు 64 బైట్లు, చివరన గుర్తుగా రెండు బైట్లు. ఎక్కడ మొదలు, ఎంత పొడవు, ఏ రకం అన్నవే ఆ పదహారు బైట్లలో ముఖ్యమైనవి. రకాన్ని ఒక కోడ్‌తో రాస్తారు: లినక్స్‌ది 83, ఫ్రీబీఎస్‌డీది ఏ5, ఓపెన్‌బీఎస్‌డీది ఏ6, నెట్‌బీఎస్‌డీది ఏ9. టేబుల్ చెరిగిపోయినా లోపలి ఫైళ్లు అక్కడే ఉంటాయి. మొదలు, పొడవు మళ్లీ సరిగ్గా అవే అంకెలు రాస్తే తిరిగి కనిపిస్తాయి. అందుకే కార్డు సిద్ధం కాగానే ఎస్‌ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ చేత ఆ అంకెలను ఒక చిన్న ఫైల్‌లో దింపి, ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. నిమిషం పని, ఎవరూ చేయరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పీసీలో మొదట లేచే ప్రోగ్రామ్‌గా బయోస్ గానీ యూఈఎఫ్‌ఐ గానీ ఉంటుంది. ఏ కంపెనీ పీసీ అయినా డిస్కును చదివే తీరు దాదాపు ఒకటే. ఆర్మ్ బోర్డుల్లో ఆ క్రమశిక్షణ తక్కువ. చిప్ లోపల కంపెనీ పోసి పంపిన చిన్న రామ్ ప్రోగ్రామ్... క్షమించండి, ఆర్‌ఓఎం, రోమ్ అంటాను, ర్యామ్‌తో కలిసిపోకుండా. కరెంటు రాగానే మొదట లేచేది ఆ రోమ్. దానికి మీ యూనిక్స్ ఫైల్ సిస్టమ్ గురించి, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి గురించి, ఏమీ తెలియదు. తనకు నేర్పిన చోట మాత్రమే వెతుకుతుంది. ఆ చోటు చిప్‌ను బట్టి మారుతుంది.

రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డు సంగతి విచిత్రం. 2012లో వచ్చిన తొలి బోర్డు నుంచీ అక్కడ ముందు మేలుకునేది ఆర్మ్ ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ ప్రాసెసర్. అది కార్డులో ఫ్యాట్ అనే పాత ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ కోసం చూసి, అందులోని ఫర్మ్‌వేర్ ఫైళ్లను (బోర్డును నడిపే ప్రోగ్రాములను), ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌ను తెచ్చుకుని, ఆ తర్వాతే ఆర్మ్ వైపును లేపుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4 నుంచి తొలి బూట్‌లోడర్ బోర్డు మీద ఉన్న చిన్న చిప్‌లోకి మారింది గానీ, కార్డు నుంచి బూట్ కావాలంటే ఫ్యాట్ పార్టిషన్ ఇప్పటికీ కావాలి. యూనిక్స్ మీద ఎంత అభిమానమున్నా మొదటి పార్టిషన్ మైక్రోసాఫ్ట్ కాలపు ఫ్యాట్‌కే ఇవ్వాలి. పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డులకు కొత్త పద్ధతి అయిన జీపీటీ టేబుల్ అర్థం కాదు, కాబట్టి వాటికి ఎంబీఆర్ వాడండి. ఆ ఫ్యాట్‌కు 512 మెగాబైట్లు ఇవ్వండి. రాస్ప్‌బెర్రీ పై సొంత లినక్స్‌లో ఇది చాలాకాలం 256 ఉండి, 2023 విడుదలతో 512 అయింది. కెర్నల్‌ను నవీకరించేటప్పుడు పాతదీ కొత్తదీ కాసేపు పక్కపక్కనే ఉండాలి. చోటు చాలక నవీకరణ సగంలో ఆగితే బోర్డు మళ్లీ లేవదు.

ఆల్‌విన్నర్ చిప్ ఉన్న చవక బోర్డులకు ఫ్యాట్‌తో పని లేదు. వాటి రోమ్ కార్డు మొదటి నుంచి సరిగ్గా 8 కిలోబైట్ల దూరంలో, అంటే 16వ సెక్టార్‌లో, బూట్‌లోడర్ తొలి ముక్క కోసం చూస్తుంది. అది ఏ పార్టిషన్‌లోనూ ఉండదు, టేబుల్‌లో దాని పేరే ఉండదు. పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రామ్‌కు ఆ స్థలం ఖాళీగా కనిపిస్తుంది. జీపీటీ తన వివరాలను మామూలుగా 33వ సెక్టార్ దాకా రాసుకుంటుంది. రెండూ ఒకే చోట పడతాయి. జీపీటీ చేసి, ఆ తర్వాత బూట్‌లోడర్ రాస్తే టేబుల్ పాడవుతుంది. క్రమం తిప్పితే బూట్‌లోడర్ పోతుంది. బోర్డు చెడిపోయిందని దుకాణానికి తీసుకెళ్లే వాళ్లలో కొందరి సమస్య నిజానికి ఇదే. కొత్త ఆల్‌విన్నర్ చిప్‌లు 128 కిలోబైట్ల దగ్గర కూడా వెతుకుతాయి గానీ, ఎంబీఆర్ వాడితే ఈ గొడవే ఉండదు. రాక్‌చిప్ అనే మరో చిప్ కంపెనీ వాళ్లు 64వ సెక్టార్ ఎంచుకున్నారు, అందువల్ల జీపీటీతో తగాదా లేదు. కాకపోతే బూట్‌లోడర్ రెండో ముక్కను మామూలుగా 8 మెగాబైట్ల దగ్గర రాస్తారు. కాబట్టి అక్కడ మొదటి పార్టిషన్‌ను 16 మెగాబైట్ల నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇన్‌స్టాలర్ ఇచ్చే 1 మెగాబైట్ మొదలును అలాగే ఒప్పుకుంటే మీ ఫైల్ సిస్టమ్ మధ్యలో బూట్‌లోడర్ కూర్చుంటుంది.

బీఎస్‌డీ ఎంచుకున్న వాళ్లకు ఒక ముక్క. అక్కడ రెండు అంతస్తుల విభజన ఉంటుంది. బయటి ఎంబీఆర్‌లో ఫ్యాట్ ఒకటి, బీఎస్‌డీ మొత్తానికి ఒకటి, అంతే. లోపల డిస్క్‌లేబుల్ అనే మరో టేబుల్ ఉంటుంది. అందులో ‘ఏ’ రూట్‌కు (వ్యవస్థకు మూలమైన భాగం), ‘బీ’ స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు), ‘సీ’ మొత్తం డిస్కుకు అన్నది పాత సంప్రదాయం. ‘సీ’ని ఎప్పుడూ ముట్టుకోకండి. లినక్స్ నుంచి వచ్చిన విద్యార్థులు ఎఫ్‌డిస్క్‌లో ఒకే పెద్ద ముక్క చూసి, దాన్ని అక్కడే చీల్చబోతారు. చీల్చాల్సింది డిస్క్‌లేబుల్‌లో. ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే, చోటు ఉన్నంత మేర రూట్, తాత్కాలిక ఫైళ్లకు టెంప్, లాగ్‌ల వంటివాటికి వార్, ప్రోగ్రాములకు యూఎస్‌ఆర్, వాడుకరుల ఫైళ్లకు హోమ్ అంటూ చాలా పార్టిషన్లు చేస్తుంది. అది చాదస్తం కాదు. ఒక్కో పార్టిషన్‌ను ఒక్కో నిబంధనతో మౌంట్ చేయవచ్చు, అంటే వ్యవస్థకు కలపవచ్చు. అందరూ రాయగలిగే చోట అధికారాలు పెంచే ప్రోగ్రాములు నడవకుండా ఆపవచ్చు. పది మంది లాగిన్ అయ్యే సర్వర్‌కు అది సరైన పద్ధతి. బోరు దగ్గరి పెట్టెకు ఎక్కువ. నాలుగు పార్టిషన్లలో చోటు మిగిలి, ఐదోది నిండిపోయి పని ఆగడం చిన్న కార్డుల్లో మామూలే.

యూఎస్‌ఆర్‌ను విడదీయాలా అని ఎవరో చీటీ పంపారు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ రాస్తున్న 1970ల తొలినాళ్లలో రూట్ ఉన్న డిస్కు చాలా చిన్నది. సరుకు పట్టక, వాడుకరుల ఫైళ్లున్న రెండో డిస్కులోకి వ్యవస్థ ప్రోగ్రాములను కూడా జరిపారు. ఆ రెండో డిస్కే యూఎస్‌ఆర్. డిస్కు కరువు ఎప్పుడో తీరిపోయింది, అలవాటు మిగిలింది. విడదీయకండి.

ఇక రాసేదెవరు? దీని మీద కాస్త నిదానిద్దాం. మెమరీ కార్డు లోపలి ఫ్లాష్‌లో ఒక విచిత్రమైన నియమం ఉంది. రాయడం కిలోబైట్ల పేజీల్లో జరుగుతుంది, చెరపడం మాత్రం మెగాబైట్ల బ్లాకుల్లో జరుగుతుంది. మీ ప్రోగ్రామ్ లాగ్‌లో ఒక్క వాక్యం చేర్చినా కార్డు లోపలి కంట్రోలర్ పాత పేజీలను కొత్త చోటికి మోసుకెళ్లవలసి రావచ్చు. నిమిషానికోసారి ఇలా జరుగుతుంటే కార్డు అరిగిపోతుంది. ఆ మోసుకెళ్లే క్షణంలో కరెంటు పోతే మీరు రాయని ఫైలు కూడా పాడవవచ్చు. పార్టిషన్ల మొదలును 4 మెగాబైట్ల హద్దుకు, అంటే 8192వ సెక్టార్‌కు సరిపెట్టమనేది ఈ మోత కొంత తగ్గడానికే. 32 జీబీ లోపు కార్డులు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే సాధారణంగా అలా మొదలవుతాయి.

కాబట్టి రూట్ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. ఎవరూ రాయని ఫైల్ సిస్టమ్‌కు కరెంటు పోయినా మరమ్మతు అక్కరలేదు. ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే ప్రోగ్రామ్ ప్రశ్న అడిగి, జవాబిచ్చే మనిషి లేక బోర్డు రాత్రంతా ఎదురుచూసే పరిస్థితి రాదు. తాత్కాలిక ఫైళ్లు, వ్యవస్థ లాగ్‌లు టీఎంపీఎఫ్‌ఎస్ పేరుతో ర్యామ్‌లో ఉంచండి. కరెంటు పోతే అవీ పోతాయి, పోనివ్వండి. మోటారు నడిచిన గంటలు, కాంటా బరువులు మాత్రం వేరే డేటా పార్టిషన్‌లోకి, జర్నల్ ఉన్న, అంటే చేయబోయే మార్పును ముందే రాసిపెట్టుకునే, ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లాలి. ఏ పార్టిషన్ ఎలా మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ వరుసకు నోఫెయిల్ అని, నోఎటైమ్ అని చేర్చండి. మొదటిది ఉంటే డేటా పార్టిషన్ దెబ్బతిన్నా లినక్స్ లేస్తుంది, మీరు ఊరి నుంచే లాగిన్ అయి చూసుకోవచ్చు. రెండోది లేకపోతే ఫైలు చదివినప్పుడు కూడా సమయం నమోదు చేసే రాతలు పడుతుంటాయి.

ఇంతా చేసి, పార్టిషన్ గీత కార్డును పూర్తిగా కాపాడుతుందని అనుకోకండి. కంట్రోలర్‌కు మీ గీతలు తెలియవు. లోపల రూట్ పేజీ, డేటా పేజీ ఒకే బ్లాకులో పక్కపక్కనే ఉండవచ్చు. డేటా నిజంగా విలువైనదైతే దాన్ని కార్డు మీద కాకుండా విడిగా యూఎస్‌బీ డిస్కు మీద పెట్టండి. అప్పుడు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే డిస్కు పేర్లు రాయకుండా పార్టిషన్ యూయూఐడీ, అంటే దానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, రాయండి, ఎందుకంటే ఏ డిస్కు ముందు దొరికితే దానికి ఆ పేరు వస్తుంది.

స్వాప్ గురించి నా అభిప్రాయం కొంత కఠినం. మెమరీ కార్డు మీద స్వాప్ పెట్టి సాఫ్ట్‌వేర్ కంపైల్ చేయడమంటే కార్డును కావాలని అరగదీయడమే. లినక్స్‌లో స్వాప్‌ను ర్యామ్‌లోనే కుదించి ఉంచే జెడ్‌ర్యామ్ వాడండి. బీఎస్‌డీలో కెర్నల్ కూలినప్పుడు ర్యామ్‌లో ఉన్నదాని నకలు స్వాప్‌లోకి పోతుంది, కాబట్టి తప్పు వెతికే దశలో ‘బీ’ ఉంచుకోండి. పొలానికి పంపే కార్డులో వద్దు.

మీ బల్లల మీద 32 జీబీ కార్డులున్నాయి. ల్యాప్‌టాప్‌లో అవి 29 చిల్లరే కనిపిస్తాయి. కంపెనీ వాళ్లు వెయ్యితో, కంప్యూటర్ 1024తో లెక్కించడం వల్ల వచ్చిన తేడా అది, మోసం కాదు. కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆజ్ఞతో చూడండి. కొత్తగా వచ్చిన పేరే కార్డు. ఆ పేరు ఇద్దరు చదివాకే, సిద్ధంగా ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ నకలును (ఇమేజ్‌ను) కార్డు మీద రాసే డీడీ ఆజ్ఞ నొక్కండి, అది ఎవరినీ ఏమీ అడగదు. ఇమేజ్ రాయగానే బోర్డులో పెట్టకండి. ఈ సిద్ధమైన ఇమేజ్‌లు చాలావరకు మొదటిసారి లేవగానే రూట్‌ను కార్డు చివరి దాకా సాగదీస్తాయి, ఆపై డేటాకు చోటుండదు. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4ను నడుస్తుండగా పెంచవచ్చు గానీ, తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయక తప్పదు. ముందే ఆ సాగదీతను ఆపి, రూట్‌కు మీ చేత్తో 8 జీబీ ఇవ్వండి. దాని తర్వాత డేటా పార్టిషన్ చేయండి. డేటా పార్టిషన్‌లో ఈఎక్స్‌టీ4 రూట్ అనే నిర్వాహక వాడుకరి కోసం 5 శాతం పక్కన పెడుతుంది, ట్యూన్2ఎఫ్‌ఎస్ ఆజ్ఞతో దాన్ని 1 శాతానికి తగ్గించవచ్చు.

కార్డు చివర ఒక జీబీ ఎవరికీ ఇవ్వకుండా వదిలేయండి. 32 జీబీ అని రాసి ఉన్న రెండు కంపెనీల కార్డుల్లో సెక్టార్ల సంఖ్య ఒకటి కాదు. ఈ కార్డు నుంచి తీసిన నకలు, రేపు మిర్యాలగూడలో దొరికిన మరో కంపెనీ కార్డులో కొన్ని సెక్టార్ల తేడాతో పట్టకపోవచ్చు. ఇక కార్డులు తీసుకోండి. ఆల్‌విన్నర్ బోర్డులు ఉన్నవాళ్లు ఎడమవైపు బల్లకు రండి, మీతో ముందు ఎంబీఆర్ చేయిస్తాను.